గార్డినాల్ వేస్తున్నా మా ల్యాబ్రడార్ కుక్కకి మళ్లీ ఫిట్స్ వస్తున్నాయి, లివర్ పాడైతదని మందు ఆపేయమంటున్నారు. ఏం చేయాలి?

హంటర్ రోడ్, హనుమకొండ (ప్రశ్న)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

మా ల్యాబ్రడార్ పేరు బన్నీ. మగది, మూడో ఏడు నడుస్తోంది. ఏడాదిన్నర వయసులో మొదటిసారి ఫిట్స్ వచ్చింది, ఆ తర్వాత నెల తిరగకుండానే ఇంకోసారి. డాక్టర్ గారు రక్తం, షుగర్, కాల్షియం అన్నీ చూసి వేరే కారణం ఏమీ కనబడట్లేదు, ఎపిలెప్సీ (మూర్ఛ జబ్బు) అనుకోవాలి అని గార్డినాల్ 60 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. మొదటి రెండు మూడు నెలలు ఒక్కసారి కూడా రాలేదు. తర్వాత ఎప్పుడో ఒకటి అన్నట్టు మొదలై ఇప్పుడు దాదాపు ప్రతి నెలా వస్తోంది, పోయిన వారం ఒకే రాత్రి రెండుసార్లు వచ్చింది.

వచ్చే ముందు మాకు కొంచెం తెలుస్తుంది. పెదాలు నాక్కుంటూ వచ్చి నా కాలికి అంటుకుని నిలబడతాడు, ఎంత పిలిచినా అటు ఇటు చూడడు, ఒకే వైపు చూపు. ఆ తర్వాత ముందు కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయి పక్కకి పడిపోతాడు, కాళ్లు ఈత కొట్టినట్టు కొట్టుకుంటాడు, నోట్లో నురగ, కిందే మూత్రం. ఒకటి ఒకటిన్నర నిమిషంలో ఆగుతుంది కానీ చూసేవాళ్లకు గంటలా ఉంటుంది. లేచాక గోడలకు తగులుకుంటూ ఇల్లంతా తిరుగుతాడు, మా అమ్మను కూడా గుర్తుపట్టడు, నేరుగా వంటింట్లోకి పోయి ఏది దొరికితే అది తింటాడు.

ఇప్పుడు నా టెన్షన్ ఏంటంటే, ఈ మధ్య బన్నీని వేరే క్లినిక్‌లో చూపిస్తే రక్త పరీక్షలో ఏఎల్‌పీ అనే లివర్ ఎంజైము బాగా ఎక్కువగా వచ్చింది. లివర్ దెబ్బతింటోంది, ఈ మందు ఆపేయండి, లివర్ టానిక్ తాగించండి అన్నారు. ఇంట్లో అమ్మ కూడా ఇన్ని గోళీలు మింగితే అది బతుకుతుందా అంటోంది. పక్కింటి పెద్దాయన ఫిట్స్ వచ్చినప్పుడు ఇనుప తాళాలు కాలికి ఆనించమంటారు, ఉల్లిగడ్డ కోసి ముక్కు దగ్గర పెట్టమంటారు. ఎవరి మాట వినాలో అర్థం కావట్లేదు.

ఇంకో విషయం, మందు మొదలుపెట్టినప్పుడు 24 కిలోలు ఉండేవాడు, ఇప్పుడు 33. ఎప్పుడూ ఆకలే. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం, పగలు అమ్మ ఒక్కతే ఉంటుంది. రాత్రి పూట వస్తే ఇక్కడ తలుపు తీసే క్లినిక్ దొరకదు. ఏళ్ల తరబడి ఇలాంటి కుక్కను చూసుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మందు ఆపొచ్చా? లివర్ నిజంగానే పోతుందా?

బీగిల్ అమ్మ, కాజీపేట

ముందు ఒక్క మాట. రేపు పొద్దున గోళీ మానకండి. ఎవరు చెప్పినా సరే, గార్డినాల్ ఒక్కసారిగా ఆపకూడదు. ఒంటికి ఆ మందు అలవాటు పడి ఉంటుంది, అది టక్కున ఆగితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వస్తాయి, అలా వచ్చినవి ప్రాణం మీదకి తెస్తాయి. మార్చాలన్నా, తగ్గించాలన్నా డాక్టర్ లెక్క రాసిచ్చి నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఫిట్స్ రాకుండా ఏడాది, రెండేళ్లు గడిచిన కుక్కకు కూడా నెలకు ఐదో వంతు మించి తగ్గించరు. మీవాడికి పోయిన వారమే రెండు వచ్చాయి, తగ్గించడం గురించి ఆలోచించే సమయమే కాదు ఇది.

మా బీగిల్ ఆడపిల్ల, ఎనిమిదో ఏడు. చిన్నప్పటి నుంచి ఇదే మందు మీద ఉంది. అప్పుడప్పుడూ వస్తాయి, పూర్తిగా పోలేదు. పోదు కూడా. ఇది మొదట్లో నాకు చాలా కష్టంగా అనిపించింది, మందు వేస్తే జబ్బు పోవాలి కదా అని. ఫిట్స్ మందు పని వేరే. సగానికి సగం తగ్గినా, వచ్చినవి చిన్నగా వచ్చినా, మధ్యలో గ్యాప్ పెరిగినా మందు పని చేస్తున్నట్టే. మంచి మందులు పడ్డా నూటికి ఇరవై ఐదు ముప్పై కుక్కలకు సరిగ్గా లొంగవని చదివాను, వాటికి రెండో మందు కలుపుతారు. కాబట్టి మళ్లీ వచ్చాయంటే మందు దండగ అని కాదు, లెక్క చూసుకోవాలి అని.

లెక్క అంటే డైరీ. నేను మామూలు క్యాలెండర్ మీద రాస్తాను, పాలవాడి లెక్క రాసే క్యాలెండరే. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ముందు ఏం చేసింది, తర్వాత ఎంతసేపటికి మామూలైంది, ఆ రోజు గోళీ టైముకి పడిందా, ఇంట్లో ఏమైనా గొడవ జరిగిందా. ఒకసారి వీడియో కూడా తీసి పెట్టుకోండి. డాక్టర్ గారికి మనం వర్ణించి చెప్పే దానికంటే ఆ నిమిషం వీడియో ఎక్కువ చెప్తుంది. గుండె జబ్బుతో కళ్లు తిరిగి పడిపోయే కుక్కలు కూడా ఉంటాయి, చూడ్డానికి ఫిట్స్ లాగే ఉంటుంది, మందు మాత్రం వేరు.

డైరీ రాయడం మొదలుపెట్టాక మా దానికి హీట్‌కి వచ్చే ముందు ఎక్కువ వస్తున్నాయని తెలిసింది. ఆపరేషన్ చేయించాం, కొంత నయం. దీపావళి పటాకులు, వినాయక నిమజ్జనం డీజేలు, ఇవి కూడా దానికి పడవు. ఆ రోజుల్లో వెనక గదిలో కిటికీలు మూసి ఫ్యాన్ వేసి నేనో మా ఆయనో పక్కనే కూర్చుంటాం.

గోళీ టైము 12 గంటలకోసారి, ఆరు ఆరు అనుకుంటే ఆరు ఆరే. ఫోన్‌లో అలారం. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేయండి, తర్వాతిది మామూలు టైముకే, రెండూ కలిపి ఒకేసారి వేయొద్దు. మాది ఉడికించిన గుడ్డు తెల్లసొనలో పెట్టి ఇస్తే నమలకుండా మింగుతుంది. మింగిందో లేదో ఒక నిమిషం చూడండి, బుగ్గన పెట్టుకుని మంచం కింద ఉమ్మేసే ఘనులు ఉంటారు.

తాళాలు, ఉల్లిగడ్డ గురించి. పెద్దాయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. ఫిట్స్ దాని టైము ప్రకారం అదే ఆగుతుంది, ఆ టైముకి చేతిలో తాళం ఉంటే తాళం వల్ల ఆగిందనిపిస్తుంది. పైగా ఉల్లిగడ్డ కుక్కలకు విషం, తింటే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మీవాడు లేచీ లేవగానే దొరికింది తింటాడని మీరే రాశారు, ఆ ముక్క అక్కడే పడి ఉంటే మింగేస్తాడు. వద్దు.

మామునూరు, వెటర్నరీ ఫైనల్ ఇయర్

నేను మామునూరు వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను, ఇంకా డాక్టర్‌ని కాదు. డోసు మార్చేది మీ డాక్టర్ గారే. కానీ మీ పోస్ట్‌లోనే జవాబు సగం ఉంది, అది చెప్తాను.

ఏఎల్‌పీ సంగతి. గార్డినాల్ అంటే ఫీనోబార్బిటాల్. ఇది లివర్‌ని రెచ్చగొట్టి కొన్ని ఎంజైములు ఎక్కువ తయారు చేయిస్తుంది, అందులో ఏఎల్‌పీ ఒకటి. అందుకే ఈ మందు వాడే కుక్కల్లో చాలా వాటికి ఏఎల్‌పీ ఎక్కువే ఉంటుంది, లివర్ బాగున్నా ఉంటుంది. ఆ ఒక్క అంకె చూసి లివర్ పోయింది అనడం కుదరదు. ఏఎల్‌టీ అనే ఇంకో లివర్ ఎంజైము బాగా పెరిగిందా, ఆల్బుమిన్ తగ్గిందా, బిలిరుబిన్ పెరిగిందా, అన్నిటికంటే ముఖ్యంగా బైల్ ఆసిడ్స్ పరీక్ష ఎలా ఉంది, ఇవి చూడాలి. తిండికి ముందు ఒకసారి, తిన్నాక రెండు గంటలకు ఒకసారి రక్తం తీసి చేసే పరీక్ష అది, లివర్ పని చేస్తోందా లేదా అన్నది అందులో తెలుస్తుంది.

నిజంగా లివర్ దెబ్బతినే కుక్కలు ఉన్నాయి, లేవని చెప్పను. ఎక్కువగా రక్తంలో మందు మోతాదు పెరిగిపోయి చాలాకాలం అలాగే ఉన్నవాటికి వస్తుంది. ఇంట్లో మీరు కనిపెట్టాల్సిన గుర్తు ఒకటుంది. గార్డినాల్ మీద ఉన్న కుక్కకు ఎప్పుడూ ఆకలే. అలాంటిది తిండి ముట్టకుండా పడుకుందంటే తేలిగ్గా తీసుకోవద్దు. వాంతులు, చిగుళ్లు, కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం కనబడితే ఆ రోజే చూపించాలి. అరుదుగా రక్తకణాలు పడిపోవడం కూడా జరుగుతుంది, సాధారణంగా మొదటి కొన్ని నెలల్లోనే.

ఇక ఫిట్స్ మళ్లీ ఎందుకు మొదలయ్యాయి. రెండు కారణాలు కనబడుతున్నాయి. ఒకటి, ఇందాక చెప్పినట్టు ఈ మందు లివర్ ఎంజైములను పెంచుతుంది, వాటిలో కొన్ని ఈ మందునీ కరిగించేస్తాయి. అందుకే అదే డోసు వేస్తున్నా మొదటి నెలల్లో ఉన్నంత మందు తర్వాత రక్తంలో నిలబడదు. మొదట బాగుండి తర్వాత మళ్లీ మొదలవడం అందుకే చాలామందికి జరుగుతుంది. రెండోది బరువు. 24 కిలోలప్పుడు 60 మిల్లీగ్రాములంటే కిలోకి రెండున్నర, పూటకి. పుస్తకాల్లో మొదలుపెట్టే డోసు సరిగ్గా అంతే, రెండున్నర నుంచి మూడు. ఇప్పుడు 33 కిలోలు, అదే 60 అంటే కిలోకి రెండు కూడా లేదు. బన్నీకి మందు ఎక్కువై లివర్ పోతోందని మీరు భయపడుతున్నారు, నాకేమో మందు చాలట్లేదేమో అనిపిస్తోంది.

ఇది ఊహతో తేల్చేది కాదు, పరీక్ష ఉంది. సీరమ్ ఫీనోబార్బిటాల్ లెవల్ అంటారు. పశువుల దవాఖానలో చేయకపోయినా, మనుషులకు చేసే పెద్ద డయాగ్నస్టిక్ ల్యాబ్‌లు చేస్తాయి, ఫిట్స్ ఉన్న పిల్లలకు కూడా ఇదే పరీక్ష రాస్తారు కాబట్టి. డాక్టర్ చీటీ పట్టుకెళ్లండి. లెవల్ మిల్లీలీటరుకి 15 నుంచి 40 మైక్రోగ్రాముల మధ్య ఉండాలని ల్యాబ్ రిపోర్టులో ఉంటుంది. చాలా కుక్కలకు 25, 30 దగ్గర మంచి ఫలితం కనబడుతుంది, అంతర్జాతీయ వెటర్నరీ ఎపిలెప్సీ టాస్క్ ఫోర్స్ 2015లో ఇచ్చిన సూచనల్లో కూడా ఇదే ఉంది. 35 దాటితే లివర్‌కి రిస్క్ పెరుగుతుంది. మీ లెవల్ 15 దగ్గర ఉంటే డోసు పెంచడానికి జాగా ఉంది. 30 పైన ఉండి కూడా ఫిట్స్ వస్తుంటే అప్పుడు రెండో మందు మాట.

ఒక చిన్న విషయం, చాలామందికి తెలియదు. రక్తం తీసేటప్పుడు జెల్ ఉన్న పసుపు మూత ట్యూబ్‌లో తీయొద్దని చెప్పండి. ఆ జెల్ మందుని కొంత పీల్చేసుకుంటుంది, లెవల్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. జెల్ లేని ఎర్ర మూత ట్యూబ్ కావాలి. ప్రతిసారీ గోళీ వేసిన తర్వాత ఒకే గ్యాప్‌లో తీయించండి, అప్పుడే పోయినసారి అంకెతో పోల్చుకోవచ్చు. మందు మొదలుపెట్టాక గానీ డోసు మార్చాక గానీ రెండు వారాలకు లెవల్ స్థిరపడుతుంది, అప్పుడొకసారి, మూడు నెలలకొకసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. లివర్ పరీక్షలు కూడా అప్పుడే.

లివర్ టానిక్ తాగిస్తే తప్పు లేదు, కానీ అది తాగిస్తున్నాం కదా అని ఈ పరీక్షలు వదిలేయొద్దు.

పరకాల

మా దోస్తు వాళ్ల పమేరియన్‌కి ఇట్లనే వచ్చేది. ఇంగ్లిష్ మందులన్నీ ఆపేసి రోజూ కొబ్బరినూనె ఒక చెంచా, ఏదో ఆకు పసరు ఇచ్చారు, తర్వాత రాలేదట. ఇన్ని కెమికల్స్ ఎక్కించే బదులు ఒకసారి అట్లా చూడొచ్చు కదా.

బీగిల్ అమ్మ, కాజీపేట

@పరకాల మీ దోస్తు కుక్క బాగుంటే సంతోషం తమ్ముడూ. కానీ ఇక్కడ ఒకే రాత్రి రెండుసార్లు ఫిట్స్ వచ్చిన కుక్క ఉంది, దానికి మందు ఆపి పసరు పోయమని దయచేసి చెప్పొద్దు. కొబ్బరినూనె మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఎంసీటీ అనే ఒక రకం కొవ్వు కలిపిన ఆహారంతో కొన్ని కుక్కలకు ఫిట్స్ తగ్గాయని 2015లో ఒక పరిశోధన వచ్చింది. ఆ కుక్కలన్నీ ఫిట్స్ మందులు వాడుతూనే ఆ తిండి తిన్నాయి. మందు బదులు కాదు, మందుతో పాటు. పైగా మన కొబ్బరినూనె, ఆ ఎంసీటీ ఒకటి కావు. ఇప్పటికే 33 కిలోలున్న ల్యాబ్‌కి రోజూ చెంచాల కొద్దీ నూనె పోస్తే బరువు ఇంకా పెరుగుతుంది, ప్యాంక్రియాస్ వాపు వస్తే అదో కొత్త బాధ.

నర్సంపేట, పత్తి చేను పక్కన

నాది వేరే మాట. మా వైపు కుక్క ఫిట్స్‌తో కొట్టుకుంటుంటే అందరూ మూర్ఛ అనేస్తారు. మాది పత్తి ఏరియా, పురుగుల మందు డబ్బాలు గట్ల మీద పడి ఉంటాయి. మా పక్క బాయి కాడి కుక్క అవి నాకి పడిపోయింది. సొల్లు ధారగా కారడం, ఒళ్లంతా కండరాలు అదరడం, విరేచనాలు, కళ్లల్లో నల్లగుడ్డు సన్నబడిపోవడం. టైముకి పశువుల డాక్టర్ వచ్చి అట్రోపిన్ సూది వేశాడు, బతికింది. దానికి గార్డినాల్ రాసి పంపిస్తే చచ్చిపోయేది. టీకాలు వేయని పిల్ల కుక్కలకు డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చినా ఇట్లనే కొట్టుకుంటాయి, నిద్రలో కూడా తల, కాలు అదురుతూనే ఉంటాయి. పాలిచ్చే తల్లికి కాల్షియం పడిపోయినా అంతే. మీరు అవన్నీ చూపించుకున్నారు కాబట్టి సరే, చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నా. ఆరు నెలల నుంచి ఆరేళ్ల మధ్య మొదలై, మధ్యలో కుక్క మామూలుగా ఉంటేనే ఎపిలెప్సీ మీదికి అనుమానం పోవాలి. ఎనిమిదేళ్లకో తొమ్మిదేళ్లకో మొదటిసారి వస్తే ఇంకేదో ఉందని వెతకాలి.

హంటర్ రోడ్, హనుమకొండ

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి అమ్మకు ఇవన్నీ చదివి వినిపించాను. గోళీ ఆపడం లేదు. బరువు లెక్క నాకు అసలు తట్టలేదు, ఆ క్లినిక్‌లో కూడా ఎవరూ అడగలేదు, తూకం కూడా వేయలేదు.

@మామునూరు తమ్ముడూ, ఇంకో రెండు ప్రశ్నలు. ఎండాకాలం నుంచి గోమార్లు విపరీతం, అందుకని నెలకోసారి నమిలించే మాత్ర ఇస్తున్నాం. దానికీ ఫిట్స్‌కీ ఏమైనా సంబంధం ఉంటుందా? మధ్యలో చెవి ఇన్ఫెక్షన్ వస్తే యాంటీబయాటిక్ కూడా వాడాం.

మామునూరు, వెటర్నరీ ఫైనల్ ఇయర్

మంచి ప్రశ్న అన్నా. నమిలే గోమారి మాత్రల్లో ఎక్కువ భాగం ఐసాక్సాజోలిన్ అనే ఒకే జాతివి, బ్రావెక్టో, నెక్స్‌గార్డ్, సింపారికా అన్నీ అవే. వీటితో కొన్ని కుక్కలకు వణుకు, తూలడం, ఫిట్స్ వచ్చాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 సెప్టెంబర్‌లో హెచ్చరిక ఇచ్చింది. చాలా కుక్కలకు ఏమీ కాదు, కానీ ముందే ఫిట్స్ ఉన్న కుక్క విషయంలో డాక్టర్‌తో మాట్లాడి వేరే రకం గోమారి మందుకి మారడం మంచిది. మీరు మాత్ర ఇచ్చిన తేదీలు, ఫిట్స్ తేదీలు పక్కపక్కన రాసి చూడండి, ఏమైనా కనబడొచ్చు. అలాగని గోమార్లను వదిలేయడం కూడా కుదరదు, వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్ మెదడు దాకా పోతే అది కూడా ఫిట్స్ తెస్తుంది.

యాంటీబయాటిక్ అంటే సిప్రోఫ్లాక్ససిన్, ఎన్రోఫ్లాక్ససిన్ లాంటివి ఫిట్స్ ఉన్న కుక్కలకు వీలైనంత వరకు వాడరు, ఫిట్స్ రావడాన్ని సులువు చేస్తాయి. క్లోరాంఫెనికాల్ ఇంకో రకం, అది గార్డినాల్ కరగకుండా ఆపి లెవల్ పెంచేస్తుంది, కుక్క మత్తుగా తూలుతుంది. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా మొదటి మాటగా మా కుక్క గార్డినాల్ మీద ఉంది అని చెప్పండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేసే అలవాటు ఉంటే మానుకోండి.

జనగామ, జర్మన్ షెపర్డ్

ఆలస్యంగా చూశాను. మాది మూడు మందుల మీద ఉన్న కుక్క, కాబట్టి రెండో మందు మాట వస్తే ఏం తెలుసుకోవాలో చెప్తాను.

మాకు గార్డినాల్ లెవల్ బాగా ఉన్నా క్లస్టర్లు వచ్చేవి, అంటే ఒక రోజులో రెండు, మూడు. హైదరాబాద్ తీసుకెళ్లి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చూపించాం. పొటాషియం బ్రోమైడ్ కలిపారు. ఇది లివర్ మీద పడదు, కిడ్నీల ద్వారా పోతుంది, అందుకే లివర్ సంగతి తేడాగా ఉన్నవాటికి దీన్ని ఎంచుకుంటారు. కానీ చాలా నిదానం, ఒంట్లో స్థిరపడటానికి రెండున్నర మూడు నెలలు పడుతుంది, ఈలోపు పని చేయట్లేదని విసుగు పుట్టి ఆపేయొద్దు. తిండితో కలిపి ఇవ్వాలి, లేకపోతే వాంతి చేసుకుంటుంది. మొదట్లో వెనక కాళ్లు తూలతాయి.

దీనితో అసలు సంగతి ఉప్పు. తిండిలో ఉప్పు పెరిగితే బ్రోమైడ్ మూత్రంలో కొట్టుకుపోతుంది, లెవల్ పడిపోయి ఫిట్స్ వస్తాయి. ఉప్పు తగ్గితే లెవల్ పెరిగి మత్తు. మా ఇంట్లో పండక్కి వచ్చిన చుట్టాలు ముద్దుగా ఎండుచేపల ముక్కలు, చిప్స్ పెట్టేవారు, రెండు రోజులకు మళ్లీ ఫిట్స్. అప్పటి నుంచి దాని గిన్నెలోకి మా వదిన తప్ప ఎవరూ ఏమీ వేయరు. రోజూ ఒకే తిండి, ఒకే కొలత.

మూడోది లెవిటిరసిటమ్. లివర్‌కి భయం లేదు, తొందరగా పని చేస్తుంది, కానీ కుక్క ఒంట్లో నిలబడేది కొద్ది గంటలే కాబట్టి మామూలు గోళీ ఎనిమిది గంటలకోసారి పడాలి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో మధ్యాహ్నం డోసు మీ అమ్మగారి మీద పడుతుంది, ముందే చెప్పి ఒప్పించుకోండి. రోజుకి రెండుసార్లు ఇచ్చే ఎక్స్‌ఆర్ గోళీ (మందుని నిదానంగా వదిలేది) ఉంది, కానీ దాన్ని విరవకూడదు, నలపకూడదు, గుడ్డులో పెట్టినా నమలకుండా మింగాలి. మనుషుల సిరప్ ఏదైనా కొంటే సీసా మీద జైలిటాల్ ఉందేమో చదవండి. ఆ తీపి పదార్థం కుక్కకు షుగర్ పడగొడుతుంది, షుగర్ పడితే మళ్లీ ఫిట్సే.

ఇక రాత్రి సంగతి. మాకు జనగామలో కూడా అదే బాధ. డాక్టర్‌ని అడిగి ఇంట్లో ఒక ఎమర్జెన్సీ మందు పెట్టుకోండి, చీటీ మీద ఎంత ఇవ్వాలో, ఎన్నిసార్ల వరకు ఇవ్వొచ్చో రాయించుకోండి. పాత పద్ధతి డయాజిపామ్‌ని సిరంజితో మలద్వారంలో ఎక్కించడం. ఇప్పుడు మిడాజోలామ్ ముక్కులో కొట్టేది వస్తోంది, 2017లో కుక్కల మీద చేసిన పరిశోధనలో ముక్కు మిడాజోలామ్‌తో 70 శాతం కుక్కలకు ఫిట్స్ ఆగితే, మలద్వారం డయాజిపామ్‌తో 20 శాతానికే ఆగింది. కొట్టుకుంటున్న కుక్కకు ముక్కులో కొట్టడం కూడా సులువు, నోటికి దూరంగా తల వెనక నుంచి.

ఫిట్స్ మొదలవగానే మొదటి పని గడియారం చూడటం. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. ఐదు నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా రెండోది మొదలైనా, ఒక రోజులో మూడోది వచ్చినా ఇంట్లో కూర్చోవద్దు. నోట్లో వేలు, చెంచా ఏదీ పెట్టొద్దు, నాలుక మింగేయదు, మీ వేలు మాత్రం తెగుతుంది. మెట్లు, నీళ్ల సంపు, మంచం అంచు నుంచి దూరంగా జరపండి, తల కింద ఏదైనా మెత్తని బట్ట, లైటు, టీవీ ఆపేయండి. మన ఎండలకు ఒంటిని చల్లబరచడం మరీ ముఖ్యం, కండరాలు అంతసేపు కొట్టుకుంటే ఒళ్లు కాలిపోతుంది. ఆగాక ఫ్యాన్ వేసి అరికాళ్లు, పొట్ట మామూలు నీళ్ల గుడ్డతో తుడవండి, ఐస్ వద్దు. పూర్తిగా తెలివి వచ్చి నిలబడేదాకా నీళ్లు, తిండి నోట్లో పోయొద్దు. అప్పటిదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, గుర్తుపట్టక కరవొచ్చు, అది దాని తప్పు కాదు.

బీగిల్ అమ్మ, కాజీపేట

జనగామ అన్న బాగా చెప్పారు. ఒకటి కలుపుతాను. మీవాడి బరువు తగ్గించే పని కూడా ఇప్పుడే మొదలుపెట్టండి, ఈ మందుతో ఆకలి తగ్గదు కాబట్టి ఆకలి చూసి పెట్టొద్దు, కొలిచి పెట్టండి. మేము అన్నం తగ్గించి ఉడికించిన సొరకాయ, బీన్స్, గుమ్మడికాయ కలుపుతాం, కడుపు నిండినట్టు ఉంటుంది. నీళ్లు మాత్రం ఎప్పుడూ తగ్గించొద్దు, దాహం ఈ మందుతో ఎక్కువ. రాత్రి ఒకసారి మూత్రానికి బయటికి తీసుకెళ్లాల్సి వస్తుంది, ఇంట్లో పోసినా కొట్టొద్దు. బరువు బాగా మారితే ఆ విషయం డాక్టర్‌కి చెప్పండి, డోసు లెక్క మళ్లీ చూడాలి.

ఊళ్లకు పోయినప్పుడు ఎలా అన్నది కూడా ముందే అనుకోవాలి. మేము మేడారం జాతరకు అందరం కలిసి పోవడం మానేశాం. ఒకసారి నేను, ఒకసారి మా ఆయన. ఎవరి దగ్గరైనా వదలాల్సి వస్తే గోళీలు పూటల వారీగా చిన్న కవర్లలో పెట్టి, మీద తేదీ రాసి, గోడకి ఒక కాగితం అంటిస్తాం. దాని మీద మందుల పేర్లు, డాక్టర్ నంబరు, ఐదు నిమిషాల మాట పెద్ద అక్షరాలతో. గోళీలు కూడా చివరి స్ట్రిప్ దాకా ఆగొద్దు, చీటీ లేకుండా షాపువాళ్లు ఇవ్వరు, ఒక్కోసారి స్టాక్ ఉండదు. పది రోజులవి మిగిలి ఉండగానే తెచ్చుకోండి.

హంటర్ రోడ్, హనుమకొండ

మళ్లీ మన పాత డాక్టర్ గారి దగ్గరికే పోయాం. తూకం వేశారు, 33 కిలోల 400. ఫీనోబార్బిటాల్ లెవల్, బైల్ ఆసిడ్స్ రెండూ రాశారు. ఎర్ర మూత ట్యూబ్ అడిగితే ల్యాబ్ అబ్బాయి ఎందుకని అడిగాడు, చెప్తే వాళ్ల సీనియర్‌ని కనుక్కుని అదే వాడాడు. పొద్దున ఆరుకి గోళీ వేశాం, పదకొండుకి రక్తం తీశారు, క్యాలెండర్ మీద రాశాను. గోమారి మాత్ర ఈ నెల ఆపమన్నారు, పూసే మందు ఇచ్చారు. మిడాజోలామ్ స్ప్రే రాసిచ్చి ఎంత కొట్టాలో అమ్మకు కూడా చూపించారు. రిపోర్ట్ ఎల్లుండి అన్నారు.

మామునూరు, వెటర్నరీ ఫైనల్ ఇయర్

బాగుంది అన్నా. రిపోర్ట్ వచ్చాక లెవల్‌తో పాటు యూనిట్ ఏంటో కూడా చూసి ఇక్కడ పెట్టండి, కొన్ని ల్యాబ్‌లు మైక్రోమోల్స్‌లో ఇస్తాయి, ఆ అంకె నాలుగు రెట్లకు పైగా పెద్దగా కనబడుతుంది, చూసి భయపడొద్దు. అప్పటిదాకా డోసు పాతదే, టైము పాతదే.